సర్వర్ అమెరికాలో ఉందంటే కేసు అక్కడితో ఆగిపోయినట్టేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంజనీరింగ్ చదువుతున్న మీ చెల్లెలి ఫోటోలను ఎవరో మార్ఫ్ చేసి, ఆమె పేరుతోనే ఫేక్ అకౌంట్ తెరిచి పెట్టారు. అవే ఫోటోలు ఒక విదేశీ వెబ్‌సైట్‌లోనూ కనిపించాయి. స్టేషన్‌కి వెళ్తే "కంపెనీ అమెరికాది, సర్వర్లు అక్కడున్నాయి, మా చేతిలో ఏమీ లేదు" అన్నారు. మీరు అడిగినవి రెండు. మన చట్టం అక్కడ చెల్లదా? ప్రపంచమంతా వాడే ఇంటర్నెట్‌కి అన్ని దేశాలూ కలిసి ఒకే చట్టం ఎందుకు పెట్టుకోవు?

నేను హైదరాబాద్‌లో అడ్వకేట్‌ని. 19 ఏళ్లుగా ఎక్కువగా సైబర్ కేసులే చూస్తున్నాను. బాధితుల తరఫునా వాదించాను, నిందితుల తరఫునా వాదించాను. సూటిగా చెప్తాను: మన చట్టం చెల్లుతుంది. అందనిది చెయ్యి. ఐటీ చట్టం, 2000లో సెక్షన్ 75 ఉన్నదే దీనికోసం. నేరం చేసినవాడు ఏ దేశంలో ఉన్నా, ఏ దేశ పౌరుడైనా, ఆ నేరంలో ఇండియాలో ఉన్న కంప్యూటరో నెట్‌వర్కో ఉంటే ఈ చట్టం వర్తిస్తుంది. కాబట్టి కేసు కట్టడానికి అడ్డేమీ లేదు. కాకపోతే మన ఇన్‌స్పెక్టర్ కాలిఫోర్నియా వెళ్లి తలుపు కొట్టి "సర్వర్ చూపించండి" అనలేరు. వాళ్ల పోలీసులు మన ఊరొచ్చి అలా అనలేనట్టే.

ఇంకో మాట. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావాటిలో ఫోటోలు పెట్టినవాడు అమెరికాలో లేడు. అదే కాలేజీలోనో, అదే వీధిలోనో, ఒక్కోసారి బంధువుల ఇంట్లోనో ఉన్నాడు. సర్వర్ దూరంగా ఉందని, మనిషి కూడా దూరంగానే ఉన్నాడనుకుని ఆగిపోతాం. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

కారణాలు తర్వాత చెప్తాను. ముందు ఈ రాత్రే చేయాల్సిన పనులు చూడండి.

పేజీ తీయించే ముందు సాక్ష్యం భద్రం చేయండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అకౌంట్ లింకు మొత్తం కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే ప్రొఫైల్ పేరు నిమిషంలో మార్చేస్తారు. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్‌ని అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. రేపు కోర్టులో ఇవి నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. పాతవాళ్లు దీన్ని పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ పేరుతో ఇప్పటికీ 65బీ సర్టిఫికెట్ అనే అంటారు.

ఆ వెంటనే కంపెనీకి ఫిర్యాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు మించి వాడుకదారులున్న సోషల్ మీడియా కంపెనీ ఇక్కడే నివసించే గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి. పోలీసులతో మాట్లాడటానికి నోడల్ ఆఫీసర్‌ని, చట్టానికి జవాబు చెప్పడానికి చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్‌ని కూడా పెట్టాలి. నగ్నంగా చూపే ఫోటోలు, మార్ఫ్ చేసిన ఫోటోల మీద బాధితురాలు గానీ, ఆమె తరఫున మీరు గానీ ఫిర్యాదు చేస్తే తీసేయడానికి ఆ నిబంధనలు వచ్చినప్పుడు పెట్టిన గడువు 24 గంటలు. యాప్‌లో "రిపోర్ట్" నొక్కి వదిలేయకండి. గ్రీవెన్స్ ఆఫీసర్‌కే రాసి, వాళ్లిచ్చే నంబరు దాచుకోండి. అక్కడ పని కాకపోతే 30 రోజుల్లో గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

మీ చెల్లెలికి 18 నిండాయి కాబట్టి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ వాడండి. ఫోటో ఆమె ఫోన్ దాటి బయటికి పోదు. ఆ ఫోటో నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర లాంటిది తయారై, అది మాత్రమే కంపెనీలకు వెళ్తుంది. ఎవరైనా మళ్లీ అదే ఫోటో ఎక్కించబోతే పట్టుకుంటారు. 18 లోపు పిల్లలకైతే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడిపే "టేక్ ఇట్ డౌన్" అనే సేవ ఉంది.

జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. తెలంగాణలో ఉంటే షీ టీమ్స్‌ని కూడా కలవండి. స్టేషన్‌లో తీసుకోకపోతే, ఐటీ చట్టం సెక్షన్ 78 ప్రకారం ఈ నేరాలను దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి అని చెప్పి నేరుగా సీఐ గారినే కలవండి. రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ఇక మీ మొదటి ప్రశ్న. కంపెనీ అమెరికాదైనా, అక్కడి నుంచి ఒక రకం సమాచారం సులభంగా వస్తుంది, ఇంకో రకం మహా కష్టంగా వస్తుంది. ఈ తేడా తెలియకే చాలా స్టేషన్లలో చేతులెత్తేస్తారు.

సులభంగా వచ్చేది: అకౌంట్ తెరిచిన ఈమెయిలు, ఫోన్ నంబరు, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి ఎప్పుడు లాగిన్ అయ్యారన్న లాగ్. ఇవి మన పోలీసులు నేరుగా అడిగితే పరిశీలించి ఇవ్వడానికి అమెరికా చట్టం అడ్డుపడదు. చాలా పెద్ద కంపెనీలు ఇందుకు ప్రత్యేకంగా పోర్టల్ పెట్టాయి. మీ కేసులో మనిషిని పట్టుకోవడానికి సాధారణంగా ఇదే చాలు.

కానీ ఈ లాగ్‌ని జాగ్రత్తగా చదవాలి. 2021లో నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్. ఒక అమ్మాయి పేరుతో ఫేక్ అకౌంట్ నడుపుతున్నారని ఆయన ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. ఆయన చేతిలో ఉన్నది కీప్యాడ్ ఫోను. ఇంట్లో వైఫై పెట్టించింది మనవడి ఆన్‌లైన్ క్లాసుల కోసం. మనవడికి తొమ్మిదేళ్లు. నేను స్టేషన్‌కి వెళ్లి కంపెనీ పంపిన లాగ్ చూపించమన్నాను. ఒకటే పేజీ. అందులో ఐపీ అడ్రస్, పక్కన 14:07:52, దాని పక్కన చిన్న అక్షరాల్లో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. ఆ చిన్న అక్షరాలు ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం 2 గంటల 7 నిమిషాలకు ఈ ఐపీ ఎవరి దగ్గర ఉందని ఇంటర్నెట్ కంపెనీకి రాశారు, వాళ్లు పెద్దాయన పేరిచ్చారు. యూటీసీకి మన టైము అయిదున్నర గంటలు ముందుంటుంది. అసలు సమయం రాత్రి 7 గంటల 37 నిమిషాలు. అప్పటికి ఆ ఐపీ ఇంకొకరి చేతికి మారింది. సరైన టైముతో మళ్లీ రాస్తే పేరు వచ్చింది. ఆ అమ్మాయి మేనత్త కొడుకు.

ఆ ఇంట్లో పెద్దావిడ నన్ను అడిగిన మాట మర్చిపోలేను: "వీధంతా చూసింది కదా సారూ, ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు?" సరిహద్దు దాటి వచ్చిన ఒక్క కాగితాన్ని సరిగా చదవనందుకు ఆ ఇంటికి పడ్డ శిక్ష అది. అందుకే మీకు చెప్తున్నాను. లాగ్ వచ్చినప్పుడు టైమ్ జోన్ చూశారా, పోర్ట్ నంబర్ అడిగారా అని దర్యాప్తు అధికారిని మర్యాదగా అడగండి. మొబైల్ ఇంటర్నెట్‌లో ఒకే ఐపీని ఒకే క్షణంలో చాలామంది పంచుకుంటారు. వాళ్లను విడదీసి చూపే పోర్ట్ నంబర్ లేకపోతే అందులో ఎవరన్నది తేలదు.

కష్టంగా వచ్చేది: మెసేజ్‌ల్లో, ఈమెయిళ్లలో ఏం రాసుకున్నారన్నది, అంటే లోపలి విషయం. 1986 నాటి అమెరికా చట్టం ఒకటి, అక్కడి కంపెనీలు ఈ విషయాన్ని విదేశీ ప్రభుత్వాలకు నేరుగా ఇవ్వకూడదంటుంది. ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో కొంత వెసులుబాటు ఉంది. మామూలుగా అయితే రెండు దేశాల మధ్య ఉన్న పరస్పర న్యాయ సహాయ ఒప్పందం దారిలోనే వెళ్లాలి. ఇండియా, అమెరికా ఈ ఒప్పందం మీద 2001లో సంతకం చేశాయి, 2005లో అమల్లోకి వచ్చింది.

ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. దర్యాప్తు అధికారి రాయాలి. పై అధికారుల గుండా కేంద్ర హోం శాఖకు పోవాలి. కొన్ని కేసుల్లో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 112 కింద మన కోర్టు నుంచి లేఖ తీసుకోవాలి. అక్కడి నుంచి అమెరికా న్యాయ శాఖకు, వాళ్ల నుంచి ఒక ప్రాసిక్యూటర్‌కి, ఆయన ద్వారా అమెరికా జడ్జి ముందుకు. ఆ జడ్జి తమ చట్టం ప్రకారం తగిన కారణం ఉందా అని చూస్తారు. ఉందంటేనే కంపెనీకి వారెంటు. తర్వాత ఇదే దారిలో వెనక్కి. 2013లో అమెరికా అధ్యక్షుడు వేసిన కమిటీ ఒకటి, ఇలాంటి అభ్యర్థనకు సగటున పది నెలలు పడుతోందని రాసింది.

ఒక చిన్న వ్యాపారిని ఈమెయిల్‌లో బెదిరించి డబ్బు గుంజిన కేసులో నేను ఆ దారి మొత్తం చూశాను. 16 నెలలకు జవాబు వచ్చింది. జవాబు కూడా కాదు, ఒక ప్రశ్న: "మెయిల్‌బాక్స్ మొత్తం ఎందుకు అడుగుతున్నారు? ఏ తేదీల మధ్య, ఏ మెయిళ్లు, నేరానికి వాటికి సంబంధం ఏమిటి?" న్యాయమైన ప్రశ్నే. కానీ మళ్లీ రాసి పంపేసరికి ఆ అకౌంటే లేదు. మొదటి వారంలో ఒక్క ప్రిజర్వేషన్ లెటర్ పంపి ఉంటే ఇలా అయ్యేది కాదు. పోలీసులు అడిగితే కంపెనీలు ఆ అకౌంట్ డేటాని 90 రోజులు చెరపకుండా పక్కన పెడతాయి, పొడిగించమనీ అడగొచ్చు. దీనికి ఒప్పందాలూ కోర్టులూ అక్కర్లేదు. మీరు స్టేషన్‌లో మొట్టమొదట అడగాల్సింది ఈ లెటరే.

ఈ నత్తనడక మన ఒక్కరి బాధే కాదు. 2013లో అమెరికా అధికారులే, ఐర్లాండ్‌లోని డబ్లిన్ డేటా సెంటర్‌లో ఉన్న ఈమెయిళ్ల కోసం మైక్రోసాఫ్ట్‌కి వారెంటు ఇచ్చారు. మా వారెంటు ఐర్లాండ్‌లో చెల్లుతుందా లేదా అని వాళ్ల కోర్టుల్లోనే ఏళ్ల తరబడి నలిగింది. వాళ్ల సుప్రీంకోర్టు తీర్పు చెప్పకముందే, 2018 మార్చిలో క్లౌడ్ యాక్ట్ అని కొత్త చట్టం తెచ్చుకున్నారు. డేటా ఏ దేశంలో ఉన్నా అమెరికా చట్టం కిందికొచ్చే కంపెనీ ఇవ్వాల్సిందే అన్నది అందులో ఒక భాగం. నమ్మకం కుదిరిన దేశాలు కంపెనీలను నేరుగా అడగొచ్చన్నది ఇంకో భాగం. బ్రిటన్ అలా ఒప్పందం చేసుకుంది, 2022 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. ఆస్ట్రేలియా కూడా చేసుకుంది. మనకు అలాంటి ఒప్పందం లేదు.

ఇప్పుడు తీయించడం సంగతి. ఇక్కడ సరిహద్దు ఇంకో రకంగా దెబ్బకొడుతుంది.

ఒక అమ్మాయి గురించి పచ్చి అబద్ధాలతో చేసిన వీడియో మీద సిటీ సివిల్ కోర్టులో ఆర్డర్ తెచ్చాను. కంపెనీ రెండు రోజుల్లో పాటించింది. నా ఫోన్‌లో లింకు నొక్కితే "మీ దేశంలో ఈ వీడియో అందుబాటులో లేదు" అని వచ్చింది. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు. అదే సాయంత్రం న్యూజెర్సీలో ఉన్న వాళ్ల అన్నయ్య వీడియో కాల్ చేసి తన లాప్‌టాప్ చూపించాడు. అక్కడ హాయిగా ప్లే అవుతోంది. పెళ్లి సంబంధం మాట్లాడుతున్నది డాలస్‌లో ఉన్న కుటుంబంతో. మన తెలుగువాళ్ల ఇళ్లల్లో సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ. ఇండియా వరకే కనిపించకుండా చేస్తే ఆ అమ్మాయికి ఒరిగిందేమిటి?

దీని మీద కోర్టులే ఒక మాట మీద లేవు. 2019 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు, స్వామి రామ్‌దేవ్ వేసిన కేసులో, ఇండియా నుంచి ఎక్కించినదైతే ప్రపంచమంతటా తీసేయాలని, బయటి దేశాల నుంచి ఎక్కించినదైతే ఇండియాలో కనిపించకుండా చేస్తే చాలని చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో యూరప్ కోర్టు, సెర్చ్‌లో పేరు తీసేసే హక్కు కేసులో గూగుల్ ప్రపంచమంతటా తీయక్కర్లేదని చెప్పింది. పది రోజులు తిరక్కుండానే అదే కోర్టు, ఆస్ట్రియా రాజకీయ నాయకురాలిని దూషించిన ఫేస్‌బుక్ పోస్టు కేసులో, ప్రపంచమంతటా తీయమని ఒక దేశపు కోర్టు ఆదేశించడానికి యూరప్ చట్టం అడ్డు కాదని చెప్పింది. పరువునష్టం అయితే మరీ కష్టం. 2010లో అమెరికా ఒక చట్టం చేసుకుంది. తమ వాక్ స్వాతంత్ర్యానికి తగ్గ రక్షణ లేని విదేశీ పరువునష్టం తీర్పులను అక్కడి కోర్టులు అమలు చేయవు.

కాబట్టి మీ కేసుని పరువునష్టం కేసుగా నడపకండి. ఇది అనుమతి లేకుండా తయారుచేసిన అశ్లీల చిత్రాల కేసు, ఆమె పేరుతో మోసం చేసిన కేసు. ఐటీ చట్టంలో పేరు పెట్టుకుని చేసిన మోసానికి సెక్షన్ 66డీ, అశ్లీల చిత్రాలకు 67, చిత్రాలను బట్టి 67ఏ. ఇలాంటి చిత్రాల విషయంలో దేశాల మధ్య తేడా తక్కువ. 2025 మేలో అమెరికా కూడా టేక్ ఇట్ డౌన్ యాక్ట్ తెచ్చింది. మార్ఫ్ చేసినవైనా సరే, బాధితులు నోటీసు ఇస్తే వేదికలు 48 గంటల్లో తీయాలంటుంది. ఆ ఏర్పాటు చేసుకోవడానికి వాటికి ఏడాది గడువిచ్చింది. మీ ఫిర్యాదులో మన నిబంధనలతో పాటు దీన్నీ ఒక వాక్యంలో రాయండి.

మీ రెండో ప్రశ్న, ఒకే చట్టం ఎందుకు లేదని. ఇది నన్ను చాలామంది బాధితులు అడిగారు. ఆ ఆవేదన అర్థమవుతుంది. జవాబుకి పారిస్‌లో 2000లో నడిచిన కేసు దగ్గరికి వెళ్లాలి.

అప్పట్లో యాహూ వేలం పేజీల్లో నాజీల పతకాలు, జెండాలు అమ్మకానికి ఉండేవి. ఫ్రాన్స్‌లో వాటిని అలా ప్రదర్శించడం నేరం. అమెరికాలో కాదు. రెండు సంస్థలు కోర్టుకెక్కాయి. యాహూ వాదన, మీకు స్టేషన్‌లో చెప్పిన మాటే: మా సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, ఫ్రాన్స్ వాళ్లెవరో మాకెలా తెలుస్తుంది? జడ్జి జాన్-జాక్ గోమెజ్ ముగ్గురు నిపుణులను పెట్టారు. వాళ్లలో ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన వింట్ సర్ఫ్ కూడా ఉన్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చేవాళ్లలో సుమారు 70 శాతం మందిని ఐపీ అడ్రస్‌తో గుర్తించవచ్చని తేలింది. మీ దేశం ఏదో చెప్పండని అడిగితే 90 శాతం దాకా వెళ్లవచ్చట. అసలు విషయం ఏంటంటే, ఫ్రాన్స్ వాళ్లకు యాహూ అప్పటికే ఫ్రెంచ్ ప్రకటనలు చూపిస్తోంది. ప్రకటనలకు గుర్తుపట్టగలిగినవాళ్లు పతకాలకు ఎందుకు గుర్తుపట్టలేరు? నవంబర్ 20న ఆర్డర్ ఇచ్చారు. మూడు నెలల్లో పాటించకపోతే రోజుకు లక్ష ఫ్రాంకులు. యాహూ అమెరికా కోర్టుకెళ్లి, ఈ ఆర్డర్ మా దేశంలో చెల్లదని 2001లో తీర్పు తెచ్చుకుంది, 2006లో పై కోర్టు ఆ కేసునే కొట్టేసింది. కానీ ఈలోపే నాజీ వస్తువులను యాహూ తన అమ్మకాల నుంచి తీసేసింది.

ఆ జడ్జి చేసింది నాకు సరైనదిగానే అనిపిస్తుంది. కానీ అదే అధికారాన్ని ప్రతి దేశానికీ ఇచ్చి, ప్రపంచమంతటికీ వర్తించేలా చేయండి అంటే భయం వేస్తుంది. ఒక దేశంలో రాజుని విమర్శిస్తే జైలు. ఇంకో దేశంలో మతం గురించి ప్రశ్నిస్తే ప్రాణానికే ముప్పు. వాళ్లందరి ఆర్డర్లూ అన్ని దేశాల్లో చెల్లితే, హైదరాబాద్‌లో కూర్చుని మనం ఏం రాయొచ్చో ఎక్కడో ఉన్న అధికారి నిర్ణయిస్తాడు. ఇలాంటిది పొరపాటున ఒకసారి జరిగింది కూడా. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ తన దేశంలో యూట్యూబ్ ఆపమంది. అక్కడి టెలికాం సంస్థ యూట్యూబ్‌కి వెళ్లే దారిని తనవైపు తిప్పుకుంది. ఆ దారి సమాచారం హాంకాంగ్ కంపెనీ ఒకదాని గుండా బయటికి పొక్కి, ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు ఆగిపోయింది.

అసలు ఇంటర్నెట్‌కి పెద్ద ఎవరూ లేరా అంటే, పేర్లు, నంబర్ల వరకు ఐకాన్ అనే సంస్థ ఉంది. 2016 అక్టోబర్ 1న ఆ పని మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ముగిసింది. ఆ తర్వాత ఐకాన్ మొదటి సమావేశం జరిగింది మన మాదాపూర్‌లోనే, నవంబర్‌లో. తెలుగు అక్షరాల్లో ".భారత్" చిరునామా ఉండటం కూడా ఈ వ్యవస్థ చలవే. కానీ ఫలానా పేజీలో ఏముందన్నది వాళ్ల పని కాదు. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా చిరునామాలను ఇంటర్నెట్ నుంచి తొలగించమని ఉక్రెయిన్ అడిగితే, మేం పక్షం వహించబోమని ఐకాన్ ఒప్పుకోలేదు.

2008 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం కూడా మాదాపూర్‌లోనే జరిగింది. ముంబై దాడులు జరిగి వారం, అడుగడుగునా తనిఖీలు. జూనియర్ లాయర్‌గా ఆ నాలుగు రోజులూ కూర్చున్నాను. ప్రభుత్వాలు, కంపెనీలు, సంఘాలు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నాయి. అది మాట్లాడుకునే వేదిక మాత్రమే, ఎవరినీ కట్టిపడేసే నిర్ణయం అక్కడ తీసుకోరు. అప్పుడు నాకు నిరాశ కలిగింది. ఇప్పుడు చూస్తే, ఏది రాయొచ్చన్న విషయంలో దేశాలు ఒక్కటి కాకపోవడమే మేలనిపిస్తోంది. నేరగాడిని పట్టుకోవడంలో ఒక్కటి కాకపోవడాన్ని మాత్రం క్షమించలేను.

అందులో కొంత కదలిక ఉంది. సైబర్ నేరాల మీద 2001లో కుదిరిన బుడాపెస్ట్ ఒప్పందంలో మనం చేరలేదు. దాన్ని రాసేటప్పుడు మమ్మల్ని అడగలేదన్నది మన ప్రభుత్వ వాదన. 2024 డిసెంబర్ 24న ఐక్యరాజ్యసమితి సైబర్ నేరాల మీద కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది, 2025 అక్టోబర్‌లో హనోయిలో సంతకాలకు తెరిచారు. 40 దేశాలు ఆమోదముద్ర వేస్తేనే అమల్లోకి వస్తుంది. నేరగాళ్ల పేరుతో జర్నలిస్టుల డేటా కూడా లాగుతారేమోనని హక్కుల సంఘాలు భయపడుతున్నాయి. ఆ భయం ఉత్తది కాదు. మన దగ్గరే చూడండి, ఒకరి సంభాషణలు వినడానికి అనుమతిచ్చేది హోం సెక్రటరీ, జడ్జి కాదు. జడ్జి చేతికి ఆ పని ఇస్తే అమెరికాతో నేరుగా డేటా అడిగే ఒప్పందం కూడా దగ్గరవుతుందని నా నమ్మకం. మీ చెల్లెలి లాంటి వాళ్లకు పది నెలలు పది రోజులయ్యే దారి అదొక్కటే నాకు కనిపిస్తోంది.

చెయ్యి నిజంగా అందని కేసులు లేవని చెప్పను. 2020లో హైదరాబాద్‌ని వణికించిన లోన్ యాప్‌ల కేసుల్లో కాల్ సెంటర్లు ఇక్కడ దొరికాయి, వెనకున్న డబ్బు మాత్రం సరిహద్దు దాటిపోయింది. కంబోడియాలో ఉద్యోగమని తీసుకెళ్లి, మనవాళ్ల చేతే మనవాళ్లను మోసం చేయించిన వ్యవహారాన్ని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలాంటిచోట ఐపీ లాగ్ కన్నా బ్యాంకు ఖాతా ఆపడం ముఖ్యం, అందుకే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి మొదటి గంటలోనే ఫోన్ చేయమంటారు. మీ కేసులో ఎవరూ డబ్బు అడగలేదు. అడిగినట్టు ఎక్కడా రాయలేదు కూడా. అంటే ఇది తెలిసినవాళ్ల పని అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక ఆ రెండో వెబ్‌సైట్. ఏ దేశానిదో తెలియదు, ఇండియాలో ఆఫీసు లేదు, మన కోర్టు ఆర్డర్ పంపితే చదవను కూడా చదవరు. ఇక్కడ నాకు ఎక్కువసార్లు పనిచేసింది కాపీరైట్. మార్ఫ్ చేయడానికి వాడిన అసలు ఫోటో సెల్ఫీ అయితే దాని మీద హక్కు మీ చెల్లెలిదే. ఆమె స్నేహితురాలు తీసి ఉంటే స్నేహితురాలిది. కాపీరైట్‌ని దేశాలు ఒకరిదొకరు గౌరవించుకునే ఒప్పందం 1886 నుంచి ఉంది. 1998 నాటి అమెరికా చట్టం కింద నోటీసు ఇస్తే ఆ సైట్ కాకపోయినా, దానికి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీ కదులుతుంది. సెర్చ్ ఫలితాల నుంచి కూడా తీయించవచ్చు. ఆడపిల్ల గౌరవం దాటలేని సరిహద్దుని ఫోటో మీద హక్కు దాటుతోందంటే నాకు కోపం వస్తుంది. అయినా ఉన్న ఆయుధం వాడుకోవాల్సిందే. ఒక జాగ్రత్త: ఆ నోటీసులోని పేరు, చిరునామా అవతలివాడికి చేరవచ్చు. అందుకని మీ చెల్లెలి చిరునామాతో కాకుండా అడ్వకేట్ ద్వారా పంపించండి. అబద్ధం రాస్తే శిక్ష ఉంటుంది కాబట్టి, ఫోటో ఎవరు తీశారో ఖచ్చితంగా కనుక్కున్నాకే పంపండి.

మీ చెల్లెలి గురించి ఒక మాట. ఫోన్ లాక్కోవడం, కాలేజీ మాన్పించడం లాంటివి ఇంట్లో ఎవరైనా తలపెడితే మీరు అడ్డుపడండి. ఆ మార్ఫింగ్ ఏ ఫోటోలతో చేశారో, ఎవరి దగ్గర ఆ ఒరిజినల్ ఉందో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. టెన్షన్‌లో ఉన్న పిల్లని కూర్చోబెట్టి దోషిలా అడిగితే ఆ వివరాలు రావు.

ఆ ఫేక్ అకౌంట్ మొదట ఎప్పుడు కనిపించిందో మీ ప్రశ్నలో లేదు. కంపెనీల దగ్గర లాగిన్ వివరాలు ఎప్పటికీ ఉండవు. ఆ తేదీని బట్టే ముందు ప్రిజర్వేషన్ లెటర్ కోసం పరుగెత్తాలా, పేజీ తీయించడం మీద పెట్టాలా అన్నది చెప్పగలను. మీ చెల్లెలి పేరు, లింకులు ఇక్కడ పెట్టకండి. తేదీ ఒక్కటి రాయండి చాలు.